పది అంగుళాల ట్యాబ్‌కు 1280×800 తెర చాలునా, 1920×1200 కోసం నాలుగు వేలు అదనంగా పెట్టాలా?

ఓరుగల్లు పాఠకుడు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి ఒక ట్యాబ్ కొనాలనుకుంటున్నాను. ఆయన తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులను ఇప్పటివరకు ఫోన్‌లోనే, పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ చదువుతున్నారు. ఆయన చదవనప్పుడు మా అమ్మాయి ఇంటర్ నోట్సు చూసుకుంటుంది, సెలవు రోజుల్లో ఇంట్లో అందరం ఏదైనా సినిమా చూస్తాం. ఇంతకు మించి దానితో పని లేదు.

ఒకే కంపెనీ ట్యాబ్‌లు రెండు చూశాను. రెండింటి తెరా 10.1 అంగుళాలే, ర్యామ్, స్టోరేజీ కూడా సమానమే. ఒకదాని రెజల్యూషన్ 1280×800, రెండోదానిది 1920×1200, ధరలో తేడా నాలుగు వేల రూపాయలు. ఆ తేడా కంటికి తెలియదని, డబ్బు వృథా చేసుకోవద్దని దుకాణంలో చెప్పారు. నిజంగా తెలియదా? తెర మెరుగైతే బ్యాటరీ తొందరగా అయిపోతుందన్న మాటలో నిజమెంత?

కొలతల మనిషి:

లెక్క వేసి చూస్తే సందేహం చాలావరకు తీరుతుంది. 10.1 అంగుళాల తెర మీద 1280×800 అంటే అంగుళానికి సుమారు 149 పిక్సెళ్లు (తెర మీద బొమ్మను కూర్చే చిన్న చుక్కలు), 1920×1200 అంటే సుమారు 224. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు వివరాన్ని విడదీసి పోల్చుకోగలదని లెక్క. కంటి వైద్యుల దగ్గర కనిపించే అక్షరాల పట్టికకు ఆధారం కూడా అదే. దాని ప్రకారం మొదటి తెర మీది పిక్సెళ్లు విడివిడిగా తెలియకుండా ఉండాలంటే కన్ను 58 సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉండాలి, రెండో తెరకు 39 సెంటీమీటర్లు చాలు. చేత్తో పట్టుకుని చదివేవారు ట్యాబ్‌ను ఇంచుమించు 40 సెంటీమీటర్ల దూరంలోనే ఉంచుకుంటారు కాబట్టి, మీకు చెప్పిన మాట బల్ల మీద నిలబెట్టి చూసే సినిమాకు వర్తిస్తుంది గాని చదువుకు వర్తించదు.

అదే లెక్క పైమెట్టు కూడా ఎక్కడుందో చెబుతుంది. 11 అంగుళాల తెర మీద 2560×1600 ఉన్న ట్యాబ్‌లు అంగుళానికి సుమారు 274 పిక్సెళ్లు ఇస్తాయి, కాని 40 సెంటీమీటర్ల దగ్గర ఆ అదనంలో ఎక్కువ భాగం కంటికి అందదు.

ఇక బ్యాటరీ సంగతి. ఆ మాట ఉత్తదేమీ కాదు. 2012లో ఆపిల్ సంస్థ ఐప్యాడ్ తెరను 1024×768 నుంచి ఒక్కసారిగా 2048×1536కు మార్చినప్పుడు, అదివరకటి పది గంటల వాడకాన్ని నిలుపుకోవడానికి బ్యాటరీని 25 వాట్-అవర్ల నుంచి 42.5కు పెంచవలసి వచ్చింది. ట్యాబ్ మందమూ బరువూ కూడా కొద్దిగా పెరిగాయి. పిక్సెళ్లు చిన్నవైన కొద్దీ వెనుక దీపం వెలుగు వాటిలోంచి తక్కువగా బయటికి వస్తుంది, దాన్ని సరిదిద్దడానికి దీపాన్ని పెంచాలి. మీరు చూసిన రెండింటి మధ్య పెరుగుదల అంత పెద్దది కాదు గాని, బ్యాటరీ సామర్థ్యం రెండింటిలోనూ ఒకటేనా అన్నది మాత్రం చూడండి. పిక్సెళ్ల సంఖ్య 2.25 రెట్లవుతుంది కనుక భారమైన ఆటలాడేవారైతే ప్రాసెసర్ గురించి కూడా ఆలోచించాలి, మీ ఇంట్లో ఆ అవసరం ఉన్నట్లు లేదు.

పుటల కూర్పరి:

నేను చాలాకాలంగా తెలుగు పుస్తకాలకు డీటీపీ, పేజీల కూర్పు చేస్తున్నాను. పై లెక్క సరైనదే గాని, అది ఏ భాషకైనా వర్తించే లెక్క. తెలుగు స్కాన్ ప్రతుల విషయంలో తేడా ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

16:10 నిష్పత్తి ఉన్న 10.1 అంగుళాల తెరను నిలువుగా పట్టుకుంటే వెడల్పు సుమారు 5.35 అంగుళాలు, ఎత్తు సుమారు 8.55. మన పుస్తకాలలో ఎక్కువగా కనిపించే డెమ్మీ 1/8 సైజు ఇంచుమించు 5.5×8.5 అంగుళాలు. అంటే అలాంటి పుస్తకం పేజీ మీ తెర మీద దాదాపు అసలు పరిమాణంలోనే నిండుగా కూర్చుంటుంది, పెద్దది చేసి జరుపుకునే అవసరమే రాదు. పది పాయింట్ల అక్షరానికి వత్తులతో, గుడులతో కలిపి నిలువున 1280×800 తెర మీద సుమారు 21 పిక్సెళ్లు దక్కుతాయి, 1920×1200 మీద 31. మొదటిది అందంగా ఉండదు గాని చదవవచ్చు.

చిక్కంతా ఏ4 కాగితం స్కాన్లతో వస్తుంది, మీ అమ్మాయి నోట్సు బహుశా ఆ సైజులోనే ఉంటుంది. 8.27 అంగుళాల వెడల్పును 5.35కు కుదించినప్పుడు పది పాయింట్ల అక్షరం ఆరున్నర పాయింట్లకు దిగిపోతుంది, 1280×800 తెర మీద దానికి మిగిలేవి పదమూడు పధ్నాలుగు పిక్సెళ్లు. ఇంగ్లీషు అక్షరానికి అవి సరిపోవచ్చు. తెలుగులో ఆ కాస్త చోటులోనే పైన గుడి, మధ్యన అక్షరం, కింద వత్తు ఇమడాలి కాబట్టి వత్తు వంతుకు మూడు నాలుగు పిక్సెళ్లకు మించి రావు. అక్కడ ‘ద’ కింది గీత మసకబారితే అది ‘ధ’ అవునో కాదో తెలియదు, ‘థ’ కడుపులోని చుక్క పూడిపోతే అదీ ‘ధ’లాగే కనిపిస్తుంది. తెలిసిన వాక్యమైతే కన్ను సర్దుకుపోతుంది. పాత పద్యాలో, నిఘంటువో, పాదసూచికలో చదివే పండితులకు అలా సర్దుకోవడం కుదరదు. అక్కడ ప్రతి ఒత్తూ లెక్కలోకి వస్తుంది.

ఒక తేడాను మాత్రం మరచిపోకూడదు. యూనికోడ్‌లో టైపు చేసిన ఈ-పుస్తకమైతే అక్షరం సైజు పెంచగానే పంక్తులు తెర వెడల్పుకు తగినట్లు మళ్లీ సర్దుకుంటాయి, అలాంటివి చదివేవారికి 1280×800 చాలు. స్కాన్ ప్రతి బొమ్మ మాత్రమే, అందులో పంక్తులు సర్దుకోవు. మీ నాన్నగారు చదివేవి స్కాన్లే కనుక నా ఓటు 1920×1200కే. అయితే స్కానే పేలవంగా ఉండి అక్షరాలు అలుక్కుపోయి ఉంటే ఏ తెరా దాన్ని బాగుచేయలేదు.

సామర్లకోట అత్తయ్య:

పెద్దలిద్దరూ చెప్పినదాన్ని కాదనను గాని, వయసు మాట ఎవరూ ఎత్తలేదు. చత్వారం వచ్చినవారు సరైన అద్దాలు లేకుండా చదివితే 149కీ 224కీ తేడా వారికి ఎలాగూ తెలియదు. మీ నాన్నగారి అద్దాలు ఈమధ్య పరీక్ష చేయించినవేనా? దగ్గరచూపు అద్దాలను ఏ దూరానికి సరిపోయేలా రాశారో, ట్యాబ్‌ను ఆ దూరంలో పట్టుకుంటేనే అక్షరం తేటగా ఉంటుంది. పరీక్షకు వెళ్లేటప్పుడు ట్యాబ్ పట్టుకెళ్లి, ఎంత దూరంలో పెట్టుకుని చదువుతారో చూపించడం మంచిది.

రెండో మాట, వరండాలో కూర్చుని చదివేవారికి తెర మెరుపు పెద్ద శత్రువు. పై గాజుకూ లోపలి తెరకూ మధ్య ఖాళీ ఉంటే ప్రతిబింబాలు ఎక్కువ కనిపిస్తాయి. 10.9 అంగుళాల మామూలు ఐప్యాడ్‌లోనూ ఐప్యాడ్ ఎయిర్‌లోనూ పిక్సెళ్ల సాంద్రత ఒకటే, అంగుళానికి 264, అయినా ఎయిర్‌లో మాత్రమే గాజును తెరకు అతికించి, పైన ప్రతిబింబాలు తగ్గించే పూత వేస్తారు. అంకెలు సమానమైనంత మాత్రాన చదువు సుఖం సమానం కాదు.

సినిమా కోసమైతే పెట్టెమీద రెజల్యూషన్ కన్నా వైడ్‌వైన్ ఎల్1 (సినిమాలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటులో పై స్థాయి) ఉందో లేదో అడగండి. అది లేకపోతే నెట్‌ఫ్లిక్స్ వంటివి హెచ్‌డీ ఇవ్వవు, తెర ఎంత గొప్పదైనా బొమ్మ మసకగానే వస్తుంది.

ఓరుగల్లు పాఠకుడు:

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు చదివేవాటిలో డెమ్మీ పుస్తకాలే ఎక్కువ, కాని నిఘంటువులు కూడా తరచుగా తిరగేస్తుంటారు. అమ్మాయి నోట్సు ఏ4 స్కానే. ఆయన్ను దుకాణానికి తీసుకువెళ్లి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాలనుకుంటున్నాను. ఏమి చూడమని చెప్పాలి?

పుటల కూర్పరి:

ఆయన రోజూ తిప్పే నిఘంటువు పీడీఎఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో, దాన్ని ట్యాబ్‌కు కలిపే ఓటీజీ తీగతో సహా తీసుకువెళ్లండి. రెండు ట్యాబ్‌లలోనూ ఆటోమేటిక్ వెలుతురును ఆపి, తెర కాంతిని సమానం చేసి, ఒకే పేజీని పూర్తిగా కనిపించేలా నిలువుగా తెరవండి. పేజీని పెద్దది చేసి చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఆయన తన అద్దాలు పెట్టుకుని, ఇంట్లో పట్టుకునే దూరంలోనే పట్టుకుని, సంయుక్తాక్షరాలు ఎక్కువగా ఉన్న నాలుగు పంక్తులు పైకి చదవాలి. ఎక్కడైనా తడబడి తెరను దగ్గరికి లాక్కుంటే ఆ తెర ఆయనకు చాలదని అర్థం. రెండింటిలోనూ తడబాటు లేకుండా చదివితే, తక్కువ ధరదే కొని మిగిలిన నాలుగు వేలు అద్దాలకు వాడండి.

కొలతల మనిషి:

ఒక చిన్న జాగ్రత్త. ఆన్‌లైన్‌లో కొనేటట్లయితే ‘ఫుల్ హెచ్‌డీ సపోర్ట్’ అన్న మాటను నమ్మవద్దు, 1280×800 తెర ఉన్న ట్యాబ్ కూడా ఆ వీడియోను కుదించి ఆడించగలదు. వివరాల పట్టికలో డిస్‌ప్లే ఎదురుగా 1920×1200 అని అంకెల్లో ఉంటేనే కొనండి.