‘డేనియల్ బూన్’ ధారావాహికలో చరిత్ర ఎంత?

పాతతెర (ప్రశ్న):

1964 నుంచి 1970 వరకు అమెరికా టీవీ చానెల్ ఎన్‌బీసీలో ఆరు సీజన్లపాటు వచ్చిన ‘డేనియల్ బూన్’ ధారావాహికను ఈ మధ్య మొదటి నుంచి చూస్తున్నాను. పద్దెనిమిదో శతాబ్దంలో అమెరికా పడమటి అడవుల్లో దారులు తెరిచిన వేటగాడు బూన్ కథ ఇది. నలుపు తెలుపులో తీసిన మొదటి సీజను ముగించి రంగుల్లోకి వచ్చాను. బూన్‌గా ఫెస్ పార్కర్ నటన, మాట తప్పని మనిషిగా బూన్ పాత్రను మలచిన తీరు నాకు ఎంతో నచ్చాయి. అయితే చూస్తున్నకొద్దీ ఒక సందేహం బలపడుతోంది. దాదాపు ప్రతి కథలోనూ బూన్ బయలుదేరుతాడు, చిక్కు విప్పుతాడు, కెంటకీలోని బూన్స్‌బరోకు తిరిగి వస్తాడు. కోట, ఇల్లు, భార్య రెబెకా ఎక్కడివారక్కడే ఉంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో వలసవారి స్థావరాల అంచున ఆ సరిహద్దు జీవితం నిజంగా ఇంత నిలకడగా సాగిందా? అసలు బూన్ జీవితం దీనికి ఎంత దగ్గరగా ఉంది? చరిత్ర చదివినవారు వివరించగలరని కోరుతున్నాను.

చరిత్రపాఠకుడు:

ఆ నిలకడే ఈ ధారావాహికలోని అతి పెద్ద కల్పన అని నా అభిప్రాయం. బూన్ 1775 వసంతంలో మనుషులను వెంటబెట్టుకుని అపలాచియన్ పర్వతాల్లోని కంబర్లాండ్ కనుమ గుండా దారి కొట్టి బూన్స్‌బరోను నెలకొల్పాడు. 1779 చివరికల్లా దాన్ని వదిలి మరో స్థావరానికి మారిపోయాడు. ఇక తెర మీద బూన్ పెట్టుకునే రకూన్ (తోకపై చారలుండే చిన్న అడవి జంతువు) తోలు టోపీ సంగతి: అది పార్కర్ అంతకుముందు డిస్నీ కోసం వేసిన డేవీ క్రాకెట్ అనే మరో సరిహద్దు వీరుడి పాత్ర నుంచి వెంట వచ్చినది. అసలు బూన్ ఫెల్ట్ టోపీ పెట్టుకునేవాడు.

తెర మీది కథలను మించిన కథ 1778లో జరిగింది. వేటమాంసం నిల్వ చేయడానికి ఉప్పు లేక, ఆ జనవరిలో బూన్ ముప్పై మంది దాకా మనుషులతో బ్లూ లిక్స్ ఉప్పు ఊటల దగ్గరికి వెళ్ళాడు. ఫిబ్రవరిలో ఒంటరిగా వేటలో ఉండగా షానీ అనే ఆదివాసీ తెగ యోధులకు చిక్కాడు. వారు అప్పటికే బూన్స్‌బరో మీదికి వెళ్తున్నారు. ఆ కోట గోడలు ఇంకా పూర్తి కాలేదు. దాడిని తప్పించడానికి అతడు తన మనుషులందరినీ పోరాడకుండా లొంగిపొమ్మని ఒప్పించాడు. షానీ నాయకుడు బ్లాక్‌ఫిష్ అతణ్ని కొడుకుగా దత్తత తీసుకున్నాడు. జూన్‌లో కోట మీద దాడికి మళ్ళీ సన్నాహాలు జరుగుతున్నాయని తెలిసి బూన్ పారిపోయి, నాలుగు రోజుల్లో 160 మైళ్ళు దాటి వచ్చేసరికి, అతడు చనిపోయాడనుకున్న రెబెకా పిల్లలతో ఉత్తర కరోలైనాకు వెళ్ళిపోయి ఉంది. పెళ్ళయి అక్కడే నిలిచిపోయిన కూతురు జెమైమా ఒక్కతే కనిపించింది.

సెప్టెంబరులో ముట్టడి జరిగింది, కోట నిలబడింది. ఆ వెంటనే, మనుషులను శత్రువుకు అప్పగించాడన్న ఆరోపణపై బూన్‌ను సైనిక విచారణకు నిలబెట్టారు. ఆరోపించిన ఇద్దరిలో ఒకరు రిచర్డ్ కాలవే. 1776లో జెమైమాతో పాటు అపహరణకు గురైన మరో ఇద్దరు అమ్మాయిలు ఇతని కూతుళ్ళే. ఆ ముగ్గురినీ వెంటాడి విడిపించిన బృందానికి దారి చూపినవాడు బూన్. పైగా జెమైమా పెళ్ళాడినది కాలవే సోదరుడి కొడుకునే. విచారణలో బూన్ నిర్దోషిగా తేలి మేజర్ హోదా పొందాడు గాని, బంధువుల మధ్య, ఇరుగుపొరుగు మధ్య పుట్టిన ఆ అనుమానం ఎంత బాధపెట్టి ఉంటుందో ఊహించండి.

నదికి ఆవల:

పై వివరణ చాలా బాగుంది. అయితే ఇందులో కూడా షానీలు దాడి చేసేవారుగానే కనిపిస్తున్నారు గనుక, వారు ఎందుకు వచ్చారో చెప్పాలి. 1763లో బ్రిటిష్ రాజు అపలాచియన్ పర్వతాలకు పడమట స్థిరపడరాదని ప్రకటించాడు. 1768లో ఫోర్ట్ స్టాన్విక్స్ ఒప్పందంలో ఇరొక్వాయ్ అనే మరో ఆదివాసీ సమూహం నాయకులు ఒహాయో నదికి దక్షిణాన, కెంటకీ వైపు ఉన్న భూమిని వదులుకున్నారు. అక్కడ తరతరాలుగా వేటాడుకుంటున్న షానీలు దానికి అంగీకరించనేలేదు. 1775లో రిచర్డ్ హెండర్సన్ కంపెనీ చెరొకీ తెగవారి నుంచి కెంటకీని కొన్నానన్నప్పుడు, చెరొకీలలోనే డ్రాగింగ్ కెనూ అనే నాయకుడు తీవ్రంగా వ్యతిరేకించాడు. బూన్ దారి కొట్టింది ఆ కంపెనీ కోసమే. షానీలకు బూన్స్‌బరో తమ వేటభూమి నడుమ, తమ సమ్మతి లేకుండా లేచిన కోట.

ధారావాహికకు కొంత గౌరవం కూడా దక్కాలి. ఎడ్ ఏమ్స్ పోషించిన మింగో పాత్ర తల్లి చెరొకీ, తండ్రి ఆంగ్లేయుడు, చదువు ఆక్స్‌ఫర్డ్‌లో. ఆనాటి టెలివిజన్‌లో ఆదివాసీ పాత్రకు అంత తెలివి, హుందాతనం ఇవ్వడం చిన్న విషయం కాదు. కానీ ఆ పాత్ర వేసినవాడు ఆదివాసీ కాడు.

నల్లవారి విషయంలో లోటు ఇంకా పెద్దది. 1775లో దారి కొడుతున్న బృందంపై జరిగిన దాడిలో చనిపోయినవారిలో సామ్ అనే బానిస ఉన్నాడు. బూన్స్‌బరోకు తుపాకిమందు తయారుచేసిన మంక్ ఎస్టిల్ బానిసే. ముట్టడిలో షానీల తరఫున దుబాసీగా మాట్లాడిన పాంపీ కూడా నల్లవాడే. అతడు అక్కడే చనిపోయాడు. బూన్ సైతం కొందరిని బానిసలుగా ఉంచుకున్నాడు. మాట తప్పని ఆ మంచి మనిషిని ఇష్టపడేవారు ఈ సంగతిని కూడా చూడవలసి ఉంటుంది.

పాతతెర:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఒక్క విషయం మిగిలింది. తెర మీద బూన్ కుటుంబానికి భూమి గురించిన దిగులు పెద్దగా కనిపించదు. ఆ నేలను తెరిచినవాడికి అక్కడ తగినంత భూమి దక్కిందా?

చరిత్రపాఠకుడు:

దక్కలేదు. అడవిలో దారి తెలియడం వేరు, పట్టా నిలబెట్టుకోవడం వేరు. కెంటకీలో ఒకే నేల మీద ముగ్గురు నలుగురు వేర్వేరు సర్వేలు చేయించుకునేవారు. చెట్లను, వాగులను గుర్తులుగా రాసుకున్న ఆ హద్దులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేవి. గెలిచేది సాధారణంగా ముందు వచ్చినవాడు కాదు, కాగితాలు సక్రమంగా దాఖలు చేసినవాడు. దానికి తోడు 1780లో ఇతరుల భూములు కొనడానికి వారు నమ్మి ఇచ్చిన సుమారు 20,000 డాలర్లు ప్రయాణంలో దొంగతనానికి గురయ్యాయి. 1782లో బ్లూ లిక్స్ యుద్ధంలో కొడుకు ఇజ్రాయెల్ అతని కళ్ళ ముందే చనిపోయాడు. ధారావాహికలో చిన్నపిల్లవాడిగా కనిపించే ఇజ్రాయెల్ ఇతడే. చివరికి బూన్ 1799లో అప్పటికి స్పెయిన్ పాలనలో ఉన్న మిస్సోరికి వెళ్ళిపోయాడు. అక్కడ పొందిన భూమి కూడా అమెరికా పాలన వచ్చాక చెల్లలేదు. 1814లో కాంగ్రెస్ తిరిగి ఇచ్చిన 850 ఎకరాలను పాత అప్పులు తీర్చడానికి అమ్ముకున్నాడు.

మీరు చూడడం మాత్రం ఆపవద్దు. మింగో నాలుగో సీజను వరకే ఉంటాడు కాబట్టి అక్కడిదాకా వరుసగా చూడండి. ఆపై చివరి సీజనులో రోజీ గ్రియర్ వేసిన గేబ్ కూపర్ కథలను ఎంచుకోండి. బానిసత్వం నుంచి తప్పించుకుని ఆదివాసీల మధ్య బతికే పాత్ర అది.