పట్టుపురుగులకి స్పిరులినా ఇవ్వొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది పర్లాకిమిడి దగ్గర. నాలుగో జ్వరం (పురుగు మేత మాని కుబుసం విడిచే సమయం) లేచాక మల్బరీ ఆకు మీద స్పిరులినా (నాచు పొడి) కలిపిన నీళ్లు కొట్టి మేపితే గూళ్లు బరువొస్తాయంటున్నారు, నిజమేనా, విటమిన్ సి కూడా కలపమంటున్నారు, పురుగులకి ఏటైనా అవుతాదేమోనని భయంగా ఉంది

జవాబు: పనిచేస్తాది తమ్ముడూ. మొత్తం ఆకులో 80 శాతం పైగా ఆ జ్వరం లేచాక వచ్చే ఐదో దశలోనే తింటాయి, పట్టు గ్రంథి పెరిగేదీ అప్పుడే. కానీ తడి ఆకు వెయ్యకు, నీడన ఆరబెట్టి చేతికి తడి అంటకపోతేనే వెయ్యి, రోజుకో మేతకి చాలు. విటమిన్ సి మోతాదు దాటితే చేటు

ఇంకో జవాబు: ముందు ఆకు చూడండి. పసుపెక్కిన ముదురాకు వేసి పైన టానిక్కు కొడితే డబ్బు దండగ. వానల్లో పాలవ్యాధి (పురుగు ఉబ్బి పాలలాంటి నీరు కారే వైరస్ జబ్బు) వస్తే ఏ టానిక్కూ ఆపలేదు, జబ్బు పురుగుల్ని ఏరి బ్లీచింగ్, సున్నం నీళ్లలో వెయ్యండి, షెడ్డులో గాలి ఆడనివ్వండి

ప్రశ్న: సరే అన్నా, ముందు రెండు తట్టలకే ఇచ్చి గూళ్లు విడిగా తూచి చూస్తా