జిప్సీ ఆఫ్‌రోడ్ బిల్డ్: లక్షన్నరలో యాక్సిళ్లు మార్చాలా, ఉన్నవాటితోనే వెళ్లాలా?

ఏజెన్సీ దారి (ఇవన్నీ ఫోరం సభ్యుల పేర్లు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. బండి 2006 జిప్సీ కింగ్, ఎంపీఎఫ్‌ఐ, సాఫ్ట్ టాప్. ఇంజిన్, గేర్‌బాక్స్ ఆరోగ్యంగా ఉన్నాయి. ఇబ్బందంతా కిందే. కమాన్లు (పట్టీల స్ప్రింగులు) కూర్చుండిపోయాయి. ముందు ఎడమ చక్రం వెనక నకిల్ (స్టీరింగ్‌తో చక్రం తిరిగే కీలు) గోళం చుట్టూ గ్రీజు, నూనె కలిసి కారుతున్నాయి. 60 దాటాక గుంతలో పడితే స్టీరింగ్ గట్టిగా వణుకుతుంది.

వాడకం: మారేడుమిల్లి, రంపచోడవరం వైపు వాగులు, రాళ్ల దారులు, వానాకాలంలో నల్లరేగడి. పోటీలకు కాదు. టైర్లతో కలిపి లక్షన్నర పెట్టగలను. నా సందేహాలు మూడు. ఒకటి, 31 అంగుళాల టైర్లు వేసి, కమాన్లను యాక్సిల్ పైకి మార్చి ఐదంగుళాలు లేపుదామని మెకానిక్ అంటున్నారు, చేయించవచ్చా? రెండు, పాత మహీంద్రా జీపు యాక్సిళ్లు ఎక్కిస్తే బలంగా ఉంటాయా? మూడు, కాయిల్ స్ప్రింగులకు మారడం ఈ బడ్జెట్‌లో అయ్యే పనేనా?

రేగడి నేల జవాబు:

టైరు సైజు ముందు తేల్చుకోండి అన్నా. యాక్సిల్, గేరింగ్, ఎత్తు అన్నీ దాన్నిబట్టే నడుస్తాయి. చాలామంది ముందు బండి లేపేసి, ఆ ఖాళీ నింపడానికి టైరు వెతుక్కుంటారు. డబ్బు వృథా అయ్యేది అక్కడే.

మీ ఒరిజినల్ 205/70 ఆర్15 టైరు వ్యాసం 668 మి.మీ. 235/75 ఆర్15 వేస్తే 733 దాకా వస్తుంది, అంటే డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల డిబ్బా) కింద 33 మి.మీ. ఖాళీ పెరుగుతుంది. బాడీని ఎంత లేపినా డిఫరెన్షియల్ మాత్రం నేలకి అంతే దగ్గరగా ఉంటుంది. రాయి తగిలేదేమో దానికే. దాన్ని పైకి లేపేది టైరొక్కటే.

31 అంగుళాలంటే 787 మి.మీ. ఒరిజినల్ కంటే 18 శాతం పెద్దది, గేరింగ్ కూడా అంత బరువెక్కుతుంది, అంటే ఇంజిన్ అంత ఎక్కువ కష్టపడాలి. 103 న్యూటన్ మీటర్ల టార్క్, అదీ 4500 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే ఇంజిన్ ఇది. రాళ్ల మీద మెల్లగా పాకాల్సిన చోట క్లచ్ కాల్చుకుంటూ ఎక్కించాల్సి వస్తుంది. పైగా ముందు యాక్సిల్ బర్ఫీల్డ్ జాయింట్ల (చక్రం తిరిగినా దానికి శక్తి అందించే బంతుల కీళ్లు) మీద ఆ భారం పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ముఖ్యంగా రివర్స్‌లో, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అవి పగులుతాయి. జాయింట్ ఆ కోణంలో ఉన్నప్పుడు భారం ఒకటి రెండు బంతుల మీదికే చేరుతుంది, చుట్టూ ఉన్న గిన్నె అంచు తట్టుకోదు.

కాబట్టి 235/75 దగ్గర ఆగండి. ఆ టైరుకి 6 నుంచి 8 అంగుళాల వెడల్పు రిమ్ కావాలి, 7 తీసుకుంటే సరిపోతుంది. రిమ్ మరీ బయటికి పొడుచుకొచ్చేది కొనొద్దు. చక్రం ఎంత బయటికి జరిగితే వీల్ బేరింగులకి, కింగ్‌పిన్ (నకిల్ తిరిగే ఇరుసు) బేరింగులకి అంత ఎక్కువ మెలిక. ఇంకో సంగతి, ఈ టైర్లతో స్పీడోమీటర్ 60 చూపిస్తే అసలు వేగం 66 ఉంటుంది.

మహీంద్రా యాక్సిళ్లు: పీసీడీ (చక్రం బోల్టుల సంఖ్య, వాటి వలయం వ్యాసం) రెండింటికీ 5×139.7 కావడంతో పని తేలికనిపిస్తుంది. చిక్కులు తర్వాత మొదలవుతాయి. డిఫరెన్షియల్ ఏ పక్కన ఉందో మీ ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల డిబ్బా) అవుట్‌పుట్‌తో సరిచూసుకోవాలి, లేదంటే యాక్సిల్‌కి శక్తి మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ అడ్డదిడ్డంగా వస్తుంది. కమాన్లు కూర్చునే చోట్లు కోసి మళ్లీ వెల్డ్ చేయాలి. బ్రేకులకి మాస్టర్ సిలిండర్ సరిపోకపోవచ్చు. జీపుల్లో క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్‌లోని గేర్ల జత) కూడా ఒకటే రకం కాదు. 8 పళ్ల పినియన్‌కి 43 పళ్ల క్రౌన్ ఉంటే 5.38, 39 ఉంటే 4.88. ముందూ వెనకా ఒకే నిష్పత్తి లేకుండా ఫోర్‌వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు నలిగిపోతుంది. ఇంత చేసి సాధించేదేమిటంటే టన్ను బరువు బండి కింద అనవసరమైన ఇనుము. 33 అంగుళాల టైర్లు, డీజిల్ ఇంజిన్ ఉంటే ఆ లెక్క వేరు.

కాయిల్స్ సంగతి ఈ బడ్జెట్‌లో మర్చిపోండి. కమాను యాక్సిల్‌ని పట్టి ఉంచే పని కూడా చేస్తుంది. కాయిల్ ఆ పని చేయదు. లింకులు, ప్యాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే కడ్డీ), వాటి బ్రాకెట్లు అన్నీ లెక్క ప్రకారం కట్టాలి.

కమాన్ కట్ట జవాబు:

స్ప్రింగ్ ఓవర్ (కమాన్లను యాక్సిల్ పైకి మార్చడం) గురించి నేను చెబుతాను. పని చేయదని కాదు, కానీ దాంతోపాటు చేయాల్సిన పనులు ఎవరూ చెప్పరు.

మొదటిది, కమాను మెలిక. కట్ట యాక్సిల్ పైన ఉంటే ఫోర్‌వీల్ లో రేంజ్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ తిరగబడబోతుంది, కమాను పక్కనుంచి చూస్తే పాములా మెలికపడుతుంది. పినియన్ పైకి లేస్తుంది, వదలగానే టక్కున కిందికి పడుతుంది. యూనివర్సల్ జాయింట్ క్రాస్ తెగేది ఆ దెబ్బకే. వెనక ట్రాక్షన్ బార్ (యాక్సిల్ తిరగబడకుండా పట్టే కడ్డీ) లేకుండా ఈ పని చేయించకూడదు.

రెండోది, ముందు కాస్టర్, అంటే నకిల్ ఇరుసు వెనక్కి వాలిన కోణం. బండి ఎత్తు పెరిగితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం ఎక్కువవుతుంది. దాన్ని సరిచేయడానికి పినియన్ మూతిని పైకి తిప్పి వెల్డ్ చేస్తారు. హౌసింగ్ మొత్తం తిరుగుతుంది కాబట్టి నకిళ్ల పైభాగం ముందుకి వాలి కాస్టర్ పోతుంది. స్టీరింగ్ తిప్పి వదిలితే తిరిగి రాదు, రోడ్డు మీద బండి ఊగిసలాడుతుంది. సరిగ్గా చేయాలంటే నకిల్ గోళాలు కోసి తిప్పి మళ్లీ వెల్డ్ చేయాలి. అది అనుభవం ఉన్న చేతి పని.

మూడోది, డ్రాగ్ లింక్, అంటే స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ. స్టీరింగ్ బాక్సు ఫ్రేమ్‌తో పాటు పైకి పోతుంది, చక్రం కిందే ఉంటుంది. లింకు వాలుగా మారి, గుంతలో పడ్డప్పుడల్లా మీరు తిప్పకుండానే స్టీరింగ్ తిరుగుతుంది. బ్రేక్ హోసులు పొడవు చాలవు. ఇవన్నీ కలిపితే మీ లక్షన్నర టైర్లు కొనక ముందే అయిపోతుంది.

పొడవు షాకిళ్లు (కమాను చివరను ఫ్రేమ్‌కి కలిపే ఊగే పట్టీలు) కూడా చవక దారిలా కనిపిస్తాయి. షాకిల్ రెండంగుళాలు పొడిగిస్తే ఎత్తు ఒక్క అంగుళమే వస్తుంది. జిప్సీకి ముందు షాకిల్ కమాను ముందు చివర ఉంటుంది. ఆ చివర కిందికి దిగితే కాస్టర్ మళ్లీ తగ్గుతుంది. అర అంగుళం మించొద్దు.

మీకు కావలసింది 40–50 మి.మీ. లేపే కొత్త కమాన్ కట్టలు, అంతే. పాత పట్టీలనే కాల్చి వంపు తిప్పిస్తే టెంపర్ పోయి కొన్ని నెలల్లో మళ్లీ కూర్చుంటాయి. ఒక పట్టీ అదనంగా వేయిస్తే ఎత్తు నిలుస్తుంది గానీ బిగుసుకుపోయి, రాళ్ల మీద ఒక చక్రం గాల్లోనే ఉంటుంది. ఆఫ్‌రోడ్‌లో చక్రం నేలని వదలకపోవడమే ముఖ్యం. సన్న పట్టీలు ఎక్కువ సంఖ్యలో ఉన్న కట్ట, లావు పట్టీలు తక్కువున్న దానికంటే బాగా వంగుతుంది.

బిగించేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. కమాను బుష్ బోల్టులు బండి జాకీల మీద ఉండగా చివరి బిగింపు బిగించకూడదు. చక్రాలు నేల మీద పెట్టి, బండి బరువు పడ్డాక బిగించాలి. లేదంటే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలిపడే ఉండి చిరుగుతుంది. యూ బోల్టులు కొత్తవి వేయండి, మొదటి ట్రిప్పు తర్వాత మళ్లీ బిగించండి. వదులైతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ వెనక్కి జరుగుతుంది.

ఏజెన్సీ దారి:

వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. 235/75, కొత్త కమాన్ కట్టలు ఖాయం చేసుకున్నాను. మరి ఆ వణుకు టైర్లు మారిస్తే పోతుందా? స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ అదురును ఆపే షాక్) కొత్తది వేయమంటున్నారు.

నకిల్ పని జవాబు:

పోదు, పెరుగుతుంది. డాంపర్ జబ్బుని కప్పిపెడుతుందంతే. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఒకే చోటికి వస్తున్నాయి. నూనె కారడమంటే యాక్సిల్ ట్యూబు చివర ఉన్న లోపలి సీల్ పోయి, డిఫరెన్షియల్ గేర్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజుని పలుచన చేస్తోంది. వణుకు ఎక్కువగా కింగ్‌పిన్ బేరింగులు వదులవ్వడం వల్ల వస్తుంది. ముందు చక్రం జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఇంకొకరిని బ్రేకు తొక్కి ఉంచమనండి. బ్రేకు తొక్కినా ఆట (వదులు కదలిక) ఉంటే కింగ్‌పిన్, తొక్కితే ఆట పోతే వీల్ బేరింగ్.

ఎలాగూ విప్పాలి కాబట్టి రెండు పక్కలా పూర్తిగా చేయించండి: లోపలి సీళ్లు, గోళం మీద తుడిచే పెద్ద సీళ్లు, పైనా కిందా కింగ్‌పిన్ బేరింగులు గిన్నెలతో సహా. గోళం మీద తుప్పు గుంటలుంటే సన్న నీటి కాగితంతో (వాటర్ ఎమెరీ పేపర్) నున్నగా చేయాలి, లేకపోతే కొత్త సీల్ పెదవిని అవి కోసేస్తాయి. బర్ఫీల్డ్ కడిగి, గిన్నె అంచున వెంట్రుక లాంటి పగులుందా అని వెలుతురులో చూడండి. మాలిబ్డినం గ్రీజు వాడండి.

మెకానిక్‌లు వదిలేసేది ప్రీలోడ్, అంటే బేరింగు మీద ఉండాల్సిన బిగుతు. పెద్ద సీల్ బిగించకముందు, టై రాడ్ విప్పేసి, ఆ రంధ్రానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి. నకిల్ కదలడం మొదలయ్యేది 1 నుంచి 1.8 కిలోల మధ్య ఉండాలి. తక్కువైతే కింగ్‌పిన్ కింద షిమ్ము (పలుచని రేకు) తీయాలి, ఎక్కువైతే కలపాలి. చేత్తో ఊపి బాగుందనుకుంటే కుదరదు.

అదే రోజు ఫ్రేమ్‌కి స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు వైరు బ్రష్‌తో శుభ్రం చేసి చూడండి. పెద్ద టైర్లు వేసిన ఈ బండ్లలో అక్కడ పగుళ్లు వస్తాయి. మూడు ప్రొపెల్లర్ షాఫ్ట్‌లు, మధ్యలో రబ్బరు దిమ్మల మీద వేలాడే ట్రాన్స్‌ఫర్ కేసు కాబట్టి, ఆ దిమ్మలు చీలినా బండి మొత్తం గజగజలాడుతుంది.

రేగడి నేల:

మిగిలిన డబ్బుతో ఒక్క పనైతే ఇది: పాత 410 జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసు వెతకండి. మీ దాంట్లో హై 1.409, లో 2.268. 410 దాంట్లో హై 1.58 దగ్గర ఉంటుంది, అంటే గేరింగ్ 12 శాతం కిందికి, వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. లోలో కూడా ఇంచుమించు అంతే. 235/75 వల్ల బరువెక్కిన పది శాతం గేరింగ్ దీంతో తిరిగొస్తుంది. స్క్రాప్ దుకాణంలో మాట నమ్మకండి. హైలో పెట్టి, వెనక అవుట్‌పుట్ ఫ్లాంజ్ పది చుట్లు తిరిగేలా ఇన్‌పుట్‌ని చేత్తో తిప్పండి. ఇన్‌పుట్ 14 చుట్లు తిరిగితే మీ రకమే, 16కి కొంచెం తక్కువైతే 410ది. ఫ్లాంజ్ రంధ్రాలు కలవకపోతే మీ పాత కేసువి విప్పి వేసుకోవాలి.

లాకర్ (యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపి తిప్పేది) తర్వాత చూసుకోవచ్చు, వేస్తే వెనకే. ముందు వేస్తే బర్ఫీల్డ్ ప్రాణం తీస్తుంది. డిఫరెన్షియల్ లోపలి స్పైడర్ గేర్లు వెల్డ్ చేయించమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. ఘాట్ రోడ్డు తడి మలుపులో లోపలి చక్రం జారక తప్పదు, వెనక భాగం విసిరేస్తుంది.

తారు దాటి జవాబు:

ఒక హెచ్చరిక. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చే మార్పులు పబ్లిక్ రోడ్డు మీద చెల్లవు. టైర్లు, ఎత్తు పెంచే ముందు మీ ఆర్టీవో ఆఫీసులో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర ఈ ప్రశ్నే వస్తుంది.

ఏజెన్సీ దారి:

అడుగుతాను. చివరి సందేహం, షాక్ అబ్జార్బర్లు ఏ పొడవువి కొనాలి?

కమాన్ కట్ట:

కొత్త కమాన్లు వేశాక కొలిచి కొనండి, ముందే కొనొద్దు. పాత షాక్‌లు విప్పేసి, ఒక వైపు చక్రాన్ని ర్యాంపు మీదికో పెద్ద రాయి మీదికో ఎక్కించండి. ఆ పక్క బంప్ స్టాప్ (యాక్సిల్ పైకి వచ్చి తగిలే రబ్బరు దిమ్మ) పూర్తిగా నొక్కుకున్నాక, పై బోల్టు నుంచి కింద బోల్టు దాకా కొలవండి. రెండో పక్క చక్రం ఎంత వేలాడితే అంత వేలాడనిచ్చి, అక్కడా అలాగే కొలవండి. మొదటి కొలత కంటే షాక్ ముడుచుకున్న పొడవు 20–25 మి.మీ. తక్కువుండాలి, లేదంటే బంప్ స్టాప్ పని షాక్ చేసి పగులుతుంది. రెండో కొలత కంటే సాగిన పొడవు అంతే ఎక్కువుండాలి. ముందూ వెనకా విడివిడిగా కొలవాలి.

బండి ఆ మెలికలో ఉండగానే కిందికి దూరి మూడు చూడండి. బ్రేక్ హోసు బిగుసుకుందా? ముందు చక్రాలు రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఎక్కడ రుద్దుకుంటోంది? ప్రొపెల్లర్ షాఫ్ట్ స్లిప్ జాయింట్‌లో (షాఫ్ట్ సాగి ముడుచుకునే చోటు) అంగుళంన్నరైనా స్ప్లైన్ (పళ్ల గాళ్లు) లోపలే మిగిలిందా? మిగలకపోతే షాఫ్ట్ పొడిగించాకే కొండెక్కండి.