పాప ఇంట్లో వయొలిన్ సాధన చేస్తుంటే, సంగీతం రాని మేం ఏం చూసుకోవాలి?

కూకట్‌పల్లి అమ్మ:
పాపకి 8 ఏళ్లు. కర్ణాటక వయొలిన్ మొదలుపెట్టి మూడు నెలలైంది. వారానికి రెండు క్లాసులు, సరళీ స్వరాల్లో (మొట్టమొదటి పాఠాలు) ఉంది. 5 శ్రుతిలో (సా ఎంత ఎత్తులో ఉండాలో చెప్పే అంకె) సాధన చేయించమన్నారు గురువుగారు. ఇంట్లో మా ఇద్దరికీ సంగీతం రాదు. వయొలిన్ 3/4 సైజు, "ఎలాగూ ఎదిగే పిల్లే కదా" అని షాపులో అదే ఇచ్చారు.

ఇబ్బందులు ఇవీ: పొద్దున శ్రుతి చేసి పెడితే సాయంత్రానికి బిరడా (తీగ బిగించే మర) జారి తీగ వదులైపోతోంది. కమాను (తీగ మీద లాగే బద్ద) లాగితే ఒక్కోసారి కీచుమంటుంది, ఒక్కోసారి అసలు శబ్దమే రాదు. గాంధారం (గ) తప్పుతోందని గురువుగారు ప్రతి క్లాసులో అంటున్నారు, ఇంట్లో అది ఎలా సరిచేయించాలో మాకు తెలియదు. రోజుకి ఎంతసేపు కూర్చోబెట్టాలి? అపార్ట్‌మెంట్లో కింది ఇంటివాళ్లు ఇప్పటికే ఒకసారి అడిగారు కూడా.

తంత్రి:
అమ్మా, ముందు సైజు తేల్చండి. పాపని నిలబెట్టి, ఎడమ చెయ్యి పక్కకి చాపించి, మెడ దగ్గర్నుంచి అరచేతి మధ్య దాకా టేపుతో కొలవండి. 20 నుంచి 22 అంగుళాల లోపు వస్తే 1/2 సైజు వయొలిన్ సరిపోతుంది. 22 దాటితే 3/4, ఇరవై మూడున్నర దాటితే ఫుల్ సైజు. ఎనిమిదేళ్ల పిల్లలు చాలామంది 1/2 దగ్గరే ఉంటారు. ఎదిగే పిల్లకి పెద్ద గౌను కొన్నట్టు వయొలిన్ కొనకూడదు.

మీ గాంధారం సమస్య ఇక్కడే పుడుతూ ఉండొచ్చు. మనం మొదలుపెట్టేది మాయామాళవగౌళ రాగంలో. అందులో సా నుంచి రి ఒకే ఒక్క స్వరస్థానం దూరం. రి నుంచి గ మూడు స్థానాలు. గ నుంచి మ మళ్లీ ఒక్కటే. ఖాళీ తీగ సా, చూపుడు వేలు రి, మధ్య వేలు గ, ఉంగరం వేలు మ. అంటే చూపుడు, మధ్య వేళ్లు బాగా విడిపోవాలి, మధ్య, ఉంగరం వేళ్లు దాదాపు ఆనుకోవాలి. చిన్న చేతికి ఇది సహజంగా వచ్చే భంగిమ కాదు. 3/4 వయొలిన్ మీద రి, గ ల మధ్య సుమారు 4.3 సెంటీమీటర్లు చాపాలి, 1/2 మీద సుమారు 3.9. ఆ నాలుగు మిల్లీమీటర్లు మనకి లెక్క కాదు గానీ ఎనిమిదేళ్ల వేళ్లకి చాలా ఎక్కువ. వేలు అందక గాంధారం కిందికి దిగిపోతుంది. లేదా గ అందుకోవడానికి చెయ్యి మొత్తం ముందుకి జరిగి రి పైకి పోతుంది. పిల్లకి చెవి లేదనుకుంటారు అందరూ. అడ్డం వస్తున్నది కర్ర ముక్క.

ఇక శ్రుతి. 5 శ్రుతి అంటే పాశ్చాత్య పేర్లలో జి. వయొలిన్‌లో లావు తీగ నాలుగోది, సన్న తీగ మొదటిది. నాలుగు నుంచి ఒకటి వరకు వరసగా మంద్ర (కింది స్థాయి) సా, మంద్ర పా, మధ్య (నడిమి స్థాయి) సా, మధ్య పా. ట్యూనర్ యాప్‌లో అయితే జి3, డి4, జి4, డి5. యాప్‌ని వయొలిన్ మోడ్‌లో పెట్టకండి, క్రోమాటిక్‌లో (అన్ని స్వరాలూ చూపే మోడ్) పెట్టండి. వయొలిన్ మోడ్ పాశ్చాత్యుల పద్ధతిలో రెండో తీగని ఏ కీ, మొదటి తీగని ఈ కీ బిగించమంటుంది. మనకి రెండూ రెండేసి స్థానాలు ఎక్కువైపోతాయి, సాపాలు కలవవు.

ముందు రెండో తీగ సా, తర్వాత మొదటి తీగ పా, ఆపైన మూడు, నాలుగు. నాలుగూ అయ్యాక మళ్లీ మొదటికొచ్చి చూడండి. ఒక తీగ బిగిస్తే మిగతావి కొంచెం కదులుతాయి. తీగ ఎప్పుడూ కిందినుంచి పైకి బిగిస్తూ కలపాలి. ఎక్కువైపోతే బాగా దించి మళ్లీ ఎక్కించాలి. ముల్లు మధ్యకి వచ్చాక ఫోన్ పక్కన పెట్టి తంబురా యాప్ 5 శ్రుతిలో ఆన్ చేసి కమాను పొడుగ్గా లాగించండి. తేడా ఉంటే శబ్దంలో అలలు వినిపిస్తాయి. అలలు నెమ్మదించి ఆగిపోయిన చోటే శ్రుతి. సంగీతం రానివాళ్లకీ ఇది పదిరోజుల్లో పట్టుబడుతుంది. తంబురాని ఫోన్ స్పీకర్లో కాకుండా చిన్న స్పీకర్‌కి కలపండి, ఫోన్లో కింది సా సరిగా వినపడదు.

బిరడా మేస్త్రి:
బిరడా జారడానికి కారణాలు మూడు. ఒకటి, తిప్పేటప్పుడు లోపలికి నొక్కకపోవడం. తిప్పుడూ నొక్కుడూ ఒకేసారి జరగాలి. రెండు, తీగ చుట్టిన తీరు. చుట్లు బిరడా పెట్టె మధ్యలోంచి మొదలై, మీరు పట్టుకునే తల ఉన్న వైపు గోడ దగ్గర ముగియాలి. అప్పుడు తీగే బిరడాని లోపలికి లాగి పట్టుకుంటుంది. ఎదురువైపు చుడితే బయటికి తోస్తుంది. మూడు, గాలిలో తేమ. ఏసీ గదిలోనూ ఎండాకాలంలోనూ కర్ర కుంచించుకుని జారుతుంది, వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటుంది. జారితే బిరడా బయటికి తీసి, గోడకి తగిలే రెండు చోట్లా బోర్డు మీద రాసే చాక్‌పీసు రుద్దండి. బిగుసుకుంటే పొడి సబ్బు రుద్దండి. జిగురు, ఫెవికాల్ లాంటివి మాత్రం వద్దు, అలాంటివి మా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ఒక్కో తీగే విప్పండి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి (తీగల్ని ఎత్తి పట్టే చెక్క) పడిపోతుంది, లోపల నిలబెట్టిన సౌండ్ పోస్టు కూడా పడిపోవచ్చు. అది అంటించిన పుల్ల కాదు, తీగల ఒత్తిడి మీద నిలబడేది. ఊపితే లోపల పుల్ల దొర్లుతున్న చప్పుడు వస్తే తీగలు వదులు చేసి రిపేరుకి ఇవ్వండి. బిగించి వాయిస్తే పైపలక దిగిపోతుంది.

నాలుగు తీగలకీ తోక దగ్గర ఫైన్ ట్యూనర్లు (శ్రుతి కొద్దికొద్దిగా సరిచేసే చిన్న స్క్రూలు) ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పెట్టించండి, పిల్లల వయొలిన్‌కి అవి తప్పనిసరి. చిన్న తేడాలకి బిరడా జోలికే పోనక్కర్లేదు. స్క్రూ మొత్తం దిగిపోతే వెనక్కి తిప్పేసి బిరడాతో కలపాలి. అలా చేయకుండా ఇంకా బిగిస్తే దాని కాలు పైపలకని గీస్తుంది.

వారానికోసారి బ్రిడ్జిని పక్కనుంచి చూడండి. తోక వైపు ముఖం పైపలకకి నిటారుగా ఉండాలి. రోజూ బిగించడం వల్ల పైఅంచు బిరడాల వైపు వంగుతుంది. వయొలిన్ ఒళ్లో పెట్టుకుని, రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లతో పట్టుకుని పైఅంచుని మెల్లగా వెనక్కి జరపండి. అలాగే వదిలేస్తే ఒక రోజు ఠప్పున పడుతుంది, లేదా బ్రిడ్జే వంకరపోతుంది.

కీచు, మూగ శబ్దం రెండూ చాలావరకు రోజిన్ (కమాను వెంట్రుకలకి రుద్దే గట్టి బంక) సంగతి. కొత్త రోజిన్ బిళ్ల అద్దంలా మెరుస్తుంటుంది, కమాను వెంట్రుకలకి అంటదు. సన్న గరుకు కాగితంతో మెరుపు పోయేలా గీయండి. కొత్త కమానుకి మొదటిసారి 30, 40 సార్లు రుద్దాలి. తర్వాత రోజు విడిచి రోజు మూడు నాలుగు సార్లు చాలు. తెల్లపొడి ఎగురుతుంటే ఎక్కువైనట్టు. అప్పుడు గరగర వస్తుంది. సాధన కాగానే పొడి నూలుగుడ్డతో తీగల మీదా పైపలక మీదా పొడి తుడవాలి, నీళ్లు తగలకూడదు.

కమాను బిగింపు: కర్రకీ వెంట్రుకలకీ మధ్య, బాగా దగ్గరగా ఉన్నచోట, పెన్సిల్ దూరేంత ఖాళీ. అంతకన్నా బిగిస్తే కర్ర నిటారైపోయి తీగ మీద ఎగురుతుంది. సాధన అయ్యాక వదులు చేసి పెట్టెలో పెట్టాలి. వెంట్రుకల్ని వేళ్లతో ముట్టనివ్వకండి. ఇంకో మాట, కచేరీ చేసేవాళ్లు వేళ్లు జారడానికి కొబ్బరినూనె రాసుకోవడం పాప చూసి ఉంటే, ఇప్పుడప్పుడే వద్దు. ఆ నూనె కమానుకి అంటిందంటే ఎంత రోజిన్ రుద్దినా శబ్దం రాదు, వెంట్రుకలు మార్పించాల్సిందే.

వయొలిన్ మే నెలలో కారులో వదలకండి. అతుకుల జిగురు వేడికి వదిలేస్తుంది.

లెక్కల పంతులు:
గాంధారానికి సులువైన దారి ఉంది. ఫింగర్ బోర్డు (తీగల కింద వేళ్లు నొక్కే పలక) మీద సన్న టేపు గీతలు మూడు అంటించండి, చాలు. నట్ (బిరడాల వైపు తీగలు ఆనే చిన్న గట్టు) నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు కొలవండి. దాన్ని 16తో భాగిస్తే నట్ నుంచి రి ఎంత దూరమో వస్తుంది, 5తో భాగిస్తే గ, 4తో భాగిస్తే మ. తీగ 28 సెంటీమీటర్లు ఉందనుకోండి: రి 1.75, గ 5.6, మ 7. వేలు నొక్కినప్పుడు తీగ కాస్త సాగి శ్రుతి పెరుగుతుంది కాబట్టి గీతల్ని ఒక వెంట్రుకవాసి నట్ వైపు జరిపి, తంబురా పెట్టి సరిచూసుకోండి. పా తీగ మీద ద, ని, పై సా కూడా అవే గీతల మీద పడతాయి, ఎందుకంటే మాయామాళవగౌళలో పూర్వాంగం (స రి గ మ), ఉత్తరాంగం (ప ద ని స) అచ్చు ఒకేలా ఉంటాయి. శ్రుతి మారినా గీతలు మార్చక్కర్లేదు.

తంత్రి:
పంతులు గారి లెక్క సరిగ్గా ఉంది. నాకు అభ్యంతరం వాడకం దగ్గర. గీత ఉంటే పిల్ల కళ్లతో వాయిస్తుంది. తల వంగుతుంది, తల వంగితే వయొలిన్ ఛాతీ మీద జారుతుంది, ఆ వెనకే కమాను పక్కకి పోతుంది. రేపు గమకాలు (స్వరాన్ని ఊపుతూ పలికించడం) వచ్చేసరికి వేలు ఒకచోట నిలవదు కదా, గీత ఎందుకు పనికొస్తుంది? పెట్టాలనుకుంటే గురువుగారిని అడిగి పెట్టండి, గ దగ్గర ఒక్కటే పెట్టండి, నెలలో తీసేయండి.

చెవితో చూసుకునే పద్ధతి ఒకటి చెప్తాను. మొదటి తీగ మీద ఉంగరం వేలితో పై సా వాయించమనండి. అది సరిగ్గా పడితే, ముట్టుకోని రెండో తీగ తనంతట తనే కంపిస్తుంది. దగ్గరగా వంగి చూస్తే తీగ మసకబారినట్టు కనపడుతుంది, కమాను ఎత్తేశాక కూడా మోగుతుంది. తప్పితే ఊరుకుంటుంది. పిల్లలకి ఇది ఆటలా ఉంటుంది, మీరు వంటింట్లోంచి కూడా చెప్పగలరు.

గాంధారానికి: వాయించే ముందు పాడించండి. తంబురా మీద స రి గ మ అని నోటితో నాలుగుసార్లు, తర్వాత చేత్తో. నోటికి వచ్చిన గాంధారమే వేలికి వస్తుంది. వేళ్లు దించే వరస కూడా మార్చి చూడండి. ముందు ఉంగరం వేలితో మ పట్టించి, దానికి ఆనించి మధ్య వేలు దింపితే గ దొరుకుతుంది. పైకి వెళ్తూ వెతుక్కోవడం కన్నా ఇది సులువు.

కూకట్‌పల్లి అమ్మ:
చెయ్యి కొలిస్తే ఇరవైన్నర అంగుళాలు వచ్చింది. రోజిన్ బిళ్ల నిజంగానే అద్దంలా ఉంది, గరుకు కాగితం పెట్టాక శబ్దం వస్తోంది! 1/2 సైజు అద్దెకి దొరుకుతుందేమో అడుగుతాను. సాధన ఎంతసేపు, ఎలా అనేది ఇంకా చెప్పలేదు. కింది ఇంటివాళ్ల సంగతి కూడా.

తంత్రి:
ఎనిమిదేళ్లకి ఏకబిగిన 40 నిమిషాలు వద్దు. పొద్దున 15, సాయంత్రం 20. ఆదివారం గంటన్నర కూర్చోబెట్టి మిగతా రోజులు వదిలేస్తే వేళ్లు ప్రతివారం మొదటికొస్తాయి.

సాయంత్రం 20 నిమిషాల్లో మొదటి అయిదూ ఖాళీ తీగల మీదే గడవనివ్వండి. కమాను మొదటినుంచి చివరిదాకా నాలుగు అక్షరాలు, తిరిగి నాలుగు అక్షరాలు, బ్రిడ్జికీ ఫింగర్ బోర్డుకీ మధ్యలో, తీగకి అడ్డంగా. ఎదురుగా అద్దం పెడితే కమాను వంకర పోవడం తనకే కనపడుతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డులు వినిపించండి. ఆ నిండైన పొడుగు కమాను చెవిలో పడితే సగం పాఠం అయినట్టే. పిల్లలు అర కమానుతో సరిపెట్టేస్తారు, అందుకే శబ్దం పీలగా వస్తుంది.

ఆ తర్వాత ఒక్క సరళీ స్వరం, ఎక్కువ వద్దు. మీ పని తాళం వెయ్యడం. వయొలిన్ వాయించే పిల్లకి రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా. ఆది తాళం: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది. మెట్రోనోం (లయ కొట్టే యాప్) నిమిషానికి 60 మీద పెట్టుకోండి. మొదటి కాలం అక్షరానికి ఒక స్వరం, రెండో కాలం రెండు, మూడో కాలం నాలుగు. మూడో కాలంలో తడబడితే 60 నుంచి 45కి దించి మూడు కాలాలూ ఆ వేగంలోనే మళ్లీ వాయించాలి. మూడో కాలం ఒక్కటే నెమ్మది చేస్తే ఆ లెక్క చెడుతుంది. మధ్యలో ఆపి "తప్పు" అనకండి. అయ్యాక "ఏ స్వరం కలవలేదనిపించింది?" అని అడగండి. తనే చెప్తుంది, చాలాసార్లు సరిగ్గానే.

కూర్చోవడం కూడా చూడండి. తలకట్టు (బిరడాల చివరున్న చుట్ట) కుడి మడమ దగ్గర ఆనాలి, వయొలిన్ బరువు అక్కడా ఛాతీ దగ్గరా ఉండాలి. ఎడమచెయ్యి మోయకూడదు, మోస్తే వేళ్లు బిగుసుకుంటాయి. నున్నటి లెగ్గింగ్ మీద జారుతుంది, నూలు పైజామా మేలు. వీపు వంగుతుంటే తుంటి కింద టవల్ మడతపెట్టండి.

ఫ్రిస్కో నాన్న:
పొరుగువాళ్ల గొడవకి రబ్బరు మ్యూట్ బ్రిడ్జి మీద తగిలిస్తే శబ్దం బాగా తగ్గుతుంది. అయితే మ్యూట్‌తో రోజంతా సాధన చేసే పిల్లలు వినపడక కమాను నొక్కడం అలవాటు చేసుకుంటారు. పొద్దున్నే లేదా రాత్రి అయితేనే పెట్టి, సాయంత్రం 6, 7 మధ్య మ్యూట్ లేకుండా వాయిస్తే మంచిది. గోడకి బట్టల బీరువా, కిటికీకి మందం పరదా, కింద మందపాటి జంపఖానా ఉన్న గది ఎంచుకోండి. కింది ఇంటికి ఎక్కువగా చేరేది నేల మీంచి వెళ్లే శబ్దం.

ఎప్పుడైనా ఆన్‌లైన్ క్లాసుకి మారితే జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయండి. లేకపోతే అది తంబురానీ, పొడుగు కమానునీ రొద అనుకుని కోసేస్తుంది, గురువుగారికి ముక్కలు ముక్కలుగా వినపడుతుంది. కెమెరా పాపకి కుడివైపు కొంచెం ముందుగా పెడితే కమాను, వేళ్లు రెండూ కనపడతాయి. గురువుగారితో కలిపి వాయించడం మాత్రం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఆయన వాయించాక పాప వాయించాలి. అమెరికాలో ఉన్నవాళ్లు చలికాలం హీటర్ల వల్ల గాలి పొడిబారి పలక చీలకుండా గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచండి. మార్చిలో, నవంబరులో గడియారాలు మారినప్పుడు క్లాసు టైము గురువుగారికి ముందే గుర్తుచేయండి.

బిరడా మేస్త్రి:
అద్దెకి 1/2 తెచ్చేటప్పుడు రెండు చూడండి. ఫింగర్ బోర్డు చివర తీగకీ బోర్డుకీ మధ్య ఖాళీ మరీ ఎక్కువుంటే వేళ్లు నొప్పి పుడతాయి, బ్రిడ్జి తగ్గించి ఇమ్మనండి. బిరడాలు నాలుగూ తిప్పి, వదిలేసి, పది నిమిషాలు ఆగండి. నిలిస్తే తీసుకోండి.