బీపీకి కిడ్నీ నరాలు కాల్చే ప్రొసీజర్: నాన్నగారికి చేయించాలా?

కిరణ్, గాజువాక:
మా నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. మూడు రకాల బీపీ మాత్రలు వాడుతున్నా పై రీడింగ్ 170 దగ్గరే ఉంటోంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రీనల్ డినర్వేషన్ అనే కొత్త ప్రొసీజర్ చేయించమన్నారు. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, కిడ్నీకి వెళ్లే రక్తనాళాల చుట్టూ ఉన్న నరాలను కాలుస్తారట. ఇలాంటివి జనం మీద చేసే ముందు ఎవరైనా సరిగ్గా పరీక్షిస్తారా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

శ్రీను, మద్దిలపాలెం:
డాక్టర్ ఊరికే చెప్పరు కదా బ్రో. కావాలంటే మన వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఒకసారి చూపించు.

విజయలక్ష్మి, ఎంవీపీ కాలనీ:
కిరణ్ బాబూ, నేను క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే రక్తనాళాల్లోకి ఇలాంటి గొట్టాలు పంపే గదిలో, నర్సుగా చేసి రిటైరయ్యాను. నువ్వు అడగాల్సిందే అడిగావు. 2010 నాటి ట్రయల్‌లో ఇది చేయించుకున్నవాళ్లకు పై బీపీ 32 పాయింట్లు తగ్గింది. యూరప్‌లో చాలామందికి చేసేశారు. 2014లో అమెరికాలో 535 మందిని తీసుకుని, కొందరికి నిజంగా చేశారు, మిగతావాళ్లకు మత్తిచ్చి ఆంజియోగ్రామ్‌తో ఆపేశారు. ఎవరికి ఏది చేశారో రోగికీ, బీపీ చూసేవాళ్లకూ తెలియనివ్వలేదు. ఆర్నెల్లకు చూస్తే చేసినవాళ్లకు 14, చేయనివాళ్లకు 12 పాయింట్లు తగ్గింది!

ఏమీ చేయకుండా 12 ఎలా తగ్గిందంటావా? ట్రయల్‌లో ఉన్నప్పుడు మనిషి మాత్రలు క్రమంగా వేసుకుంటాడు, నయమవుతుందన్న నమ్మకమూ ఉంటుంది. అందుకే ఉత్తుత్తి ప్రొసీజర్‌తో పోల్చి చూడాలి. తర్వాత పరికరాన్ని మెరుగుపరిచి అలాగే పోల్చారు. ఈసారి తేడా వచ్చింది, కానీ కొద్దిగానే. 2023 నవంబరులో మందులకూ పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ రెండు పరికరాలకు అనుమతిచ్చింది.

మన దేశంలోనూ పరికరానికి ప్రభుత్వ అనుమతి కావాలి. మందులకూ కావాలి. కానీ డాక్టర్ చేసే పద్ధతికి మాత్రం విడిగా అనుమతి అక్కర్లేదు. నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఇదే.

కిరణ్, గాజువాక:
మేడమ్, ఇవన్నీ అడిగితే డాక్టర్‌గారు కోప్పడరా?

విజయలక్ష్మి, ఎంవీపీ కాలనీ:
కోప్పడితే కోప్పడనీ బాబూ, నాన్నగారి ఒళ్లు అది. ఏ పరికరం, ఇంతకుముందు ఎంతమందికి చేశారు, ఏడాది తర్వాత వాళ్ల బీపీ ఎంతుంది అని అడుగు. ట్రయల్‌లో భాగమంటే సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడిగి తీసుకో. అన్నిటికన్నా ముందు 24 గంటల బీపీ మిషన్ పెట్టించు, హార్మోన్ పరీక్షలు చేయించు. మాత్రలు రోజూ వేసుకుంటున్నారో లేదో అమ్మను అడుగు, ఆయన్ని కాదు.