లిథియం కేంద్రకాన్ని ముందుగా చీల్చింది లారెన్స్ ఎందుకు కాలేదు?

ప్రశ్న: 1932 నాటికే బర్క్‌లీలో భౌతికశాస్త్రవేత్త లారెన్స్ సైక్లోట్రాన్ (కణాలను గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచే యంత్రం) ప్రోటాన్లకు పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా శక్తినిస్తుండగా, అంతకంటే తక్కువ శక్తి గల యంత్రంతో కేంబ్రిడ్జ్‌లో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌లు ముందుగా ఎలా విజయం సాధించారు?

జవాబు 1: భౌతికశాస్త్రవేత్త గామో 1928లో చూపినట్లు, కణం కేంద్రకపు వికర్షణ గోడను (దాన్ని వెనక్కి నెట్టే విద్యుత్ బలపు అడ్డంకిని) పూర్తిగా ఎక్కనవసరం లేదు, స్వల్ప సంభావ్యతతో దానిగుండా దూరిపోగలదు. కాక్‌క్రాఫ్ట్ ఆ లెక్కను నమ్మి, కొన్ని లక్షల వోల్టులే చాలునని యంత్రాన్ని నిర్మించారు.

జవాబు 2: దీనికి ఒక చేర్పు. లారెన్స్ బృందం మనసంతా యంత్రాన్ని పెంచడంపైనే ఉండడంతో, వెలువడే కణాలను గుర్తించే పరికరాలపై అంత శ్రద్ధ పెట్టలేదు. వార్త అందిన కొన్ని నెలలకే వారూ అదే ప్రయోగాన్ని చేసి చూపారు.

ప్రశ్నించినవారు: అయినా నోబెల్ లారెన్స్‌కు 1939లోనే వచ్చింది కదా?

జవాబు 2: అవును, సైక్లోట్రాన్‌కూ, దానితో తయారైన కృత్రిమ రేడియోధార్మిక మూలకాలకూ. కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌లకు 1951 దాకా ఆగవలసి రావడం మాత్రం, నా దృష్టిలో, అన్యాయమే.