బావిలో నీళ్ల కింద వీడియో: డీఎస్ఎల్ఆర్‌కి హౌసింగ్ దండగేనా?

పాకాల బావి:
అన్నలకు నమస్తే. తిరుపతి వైపు పాకాల పక్కన మా తాతకి రాతికట్టు బావి ఉండాది, 30 అడుగుల వెడల్పు. చాన్నాళ్లు ఎండిపోయి ఉన్నింది, ఈసారి నవంబరు వానలకి గట్టుకి పది అడుగుల కింద దాకా నీళ్లొచ్చినాయి. సంక్రాంతికి మా అక్క పిల్లోళ్లు వస్తారు, వాళ్లకి పొద్దస్తమానం దూకడమే పని. వాళ్లు దూకేది నీళ్ల కింద నుంచి వీడియో తీయాలని నా కోరిక. నా దగ్గర కెనాన్ 80డీ డీఎస్ఎల్ఆర్, 10-18 వైడ్ లెన్సు, 18-135 జూమ్ ఉండాయి. హౌసింగ్, అదే కెమెరాకి నీళ్లు తగలకుండా పెట్టే గట్టి డబ్బా, దాని రేట్లు చూస్తే గుండె ఆగినంత పనైంది, నా కెమెరా సెకండ్స్‌లో ఎంతకి పోతుందో దానికి రెండింతలు మూడింతలు ఆ డబ్బాకే పెట్టాల. నాకు పని నేర్పించిన అన్న ఏమో గోప్రో చిన్న కెమెరా ఒకటి కొనుక్కోని పని చూసుకో అంటా ఉండాడు. ఈ మధ్య ప్రీవెడ్డింగ్ వాళ్లు స్విమ్మింగ్ పూల్లో తీస్తారా అని అడగతా ఉండారు కాబట్టి డబ్బులు తిరిగొస్తాయేమోనని ఆశ. దండగా కాదా, మొహమాటం లేకుండా చెప్పండి.

కొర్లగుంట కెమెరా:
దండగ. ఒక్క మాట చెప్పి పోవచ్చు కానీ అట్లా పోతే నాకు నిద్ర పట్టదు. తమ్ముడూ, ఎస్ఎల్ఆర్ గొప్పంతా ఆ లోపలి అద్దంలోనే కదా, దాంట్లో నుంచే కంటికి బొమ్మ కనిపిస్తుంది, దాంతోనే ఫోకస్ పరిగెత్తుతుంది. వీడియో నొక్కినావంటే ఆ అద్దం పైకి లేచి కూర్చుంటుంది, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ చీకటి. ఇంగ వెనక స్క్రీనే గతి. మొహానికి మాస్క్, మాస్క్ ముందర నీళ్లు, నీళ్ల ముందర హౌసింగ్ కిటికీ, దాని వెనకాల మూడంగుళాల స్క్రీన్, దాంట్లో పిల్లోడు ఫోకస్‌లో ఉండాడా లేడా అని ఊపిరి బిగబట్టి చూస్తావా? 2008లో నికాన్ డీ90తో ఎస్ఎల్ఆర్‌లో వీడియో మొదలైంది, అదే ఏడాది కెనాన్ 5డీ మార్క్ టూ వచ్చింది, పెళ్లిళ్ల వాళ్లమంతా దాని వెనక పడినాం, నేనూ పడినా, కాబట్టి తిట్టే హక్కు నాకుంది. హీరో5 నుంచి గోప్రో ఏ డబ్బా లేకుండానే 10 మీటర్లు దిగుతుంది, హీరో6 నుంచి ఫుల్ హెచ్‌డీలో సెకనుకి 240 ఫ్రేములు ఇస్తుంది. నీ 80డీ 60 దగ్గర ఆగిపోతుంది, 4కే లేనే లేదు. దూకే పిల్లోడికి స్లోమోషన్ కావాలా వద్దా నువ్వే చెప్పు. ఇంకోటి, హౌసింగ్ అనేది ఆ ఒక్క మోడల్‌కే చేస్తారు. రేపు 80డీ పోయిందంటే ఆ డబ్బాలో అప్పడాలు దాచుకోవాల్సిందే.

తిరుచానూరు లైటు:
అన్నా, అప్పడాల మాట బాగుంది కానీ ఫోకస్ సంగతి మాత్రం పాత పాట. 5డీ మార్క్ టూ కాలంలో వీడియోలో మనిషి వెంట పరిగెత్తే ఆటోఫోకస్ లేదు, నిజమే. 2013లో 70డీతో డ్యూయల్ పిక్సెల్, అంటే అద్దం లేకుండా సెన్సారు మీదే ఫోకస్ పట్టే పద్ధతి, వచ్చినాక కెనాన్‌లో ఆ బాధ తీరింది, 80డీలో కూడా అదే ఉంది, స్క్రీన్ మీదే మొహం పట్టుకుంటుంది. అప్పటి నికాన్ బాడీలైతే నువ్వు చెప్పింది ఒప్పుకుంటా, అవి లైవ్‌వ్యూలో, అదే వెనక స్క్రీన్లో చూసి తీసేటప్పుడు, ముందుకీ వెనక్కీ ఊగతానే ఉంటాయి. గోప్రో గురించి ఎవరూ చెప్పని సంగతి, దాని సెన్సారు చిన్నది. బీచ్‌లో ఎండలో బలే ఉంటుంది, బావిలో తీసి చూడు, నల్ల రాతి గోడలు, పచ్చటి నీళ్లు, నీడ. నీడలో పిల్లోడి మొహం ముద్దపప్పు మాదిరి అయిపోతుంది, తర్వాత కలర్ లాగితే చుక్కలు చుక్కలు.

బైరాగిపట్టెడ బాబు:
ఇంత గొడవ ఎందుకు బ్రో, డీఎస్ఎల్ఆర్‌కి ప్లాస్టిక్ వాటర్‌ప్రూఫ్ సంచి దొరుకుతుంది, హౌసింగ్ రేట్లో ఆవగింజంత. తలకోన పోయి మడుగులో తీసేయ్, నీళ్లు కూడా తేటగా ఉంటాయి.

చంద్రగిరి చేప:
సంచి గురించి నన్ను అడగండి. మడత పడి లెన్సు ముందర గాజు వంకర తిరుగుతుంది, జూమ్ తిప్పాలంటే సంచితో పాటు చెయ్యి మెలితిప్పాల, రెండడుగులు దిగేసరికి నీళ్లు నొక్కి సంచి బటన్లకి అతుక్కుంటుంది, ఏ బటన్ ఎవరు నొక్కినారో దేవుడికే తెలియాల. ఇంక తలకోన వేంకటేశ్వర నేషనల్ పార్కులో ఉంది బాబూ, ఫోన్లో రీలు తీసుకున్నట్టు కాదు, కెమెరా లైట్లు దించి షూటింగ్ అంటే ఫారెస్టోళ్ల పర్మిషన్, ఫీజు అన్నీ ఉంటాయి.

హౌసింగ్‌తో నాకు జరిగింది చెప్తా. పేరొద్దు, ఒక రిసార్ట్ పూల్లో పెళ్లి జంటకి తీస్తా ఉన్నా, అద్దెకి తెచ్చిన హౌసింగ్. మా అసిస్టెంట్ పిల్లోడు టవల్‌తో చేతులు తుడుచుకోని మూత బిగించినాడు. మూడో నిమిషంలో కుడి మూల నుంచి సన్నగా బుడగలు, పూసల దండ మాదిరి ఒకదాని వెనక ఒకటి. అవి బయట పట్టుకున్న గాలి బుడగలేమో అనుకున్నా, నా ఖర్మ. నాలుగో నిమిషానికి డోమ్, అదే హౌసింగ్ ముందరి గుండ్రటి కిటికీ, దాని లోపల నీళ్లు ఊగతా కనిపించినాయి. డోమ్ కిందకి పెట్టి పైకి ఎత్తినా, నీళ్లు బాడీ వైపు పోకుండా డోమ్‌లోనే నిలబడతాయని. బాడీ బతికింది, లెన్సు పోయింది. తెరిచి చూస్తే మూత సందులో నీళ్లు ఆపే రబ్బరు చుట్టు, ఓ-రింగ్ మీద టవల్ దారప్పోగు, వెంట్రుక అంత కూడా లేదు. లోతుకి పోతే నీళ్ల బరువుకి ఆ రబ్బరు ఇంకా బిగుసుకుంటుందంట, లీకేజీలు ఎక్కువ వచ్చేది పై నీళ్లలోనే. కాబట్టి బావే కదా, పూలే కదా అని అలుసు వద్దు. ఓ-రింగ్‌కి సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంత రాస్తే చాలు, ముద్దలు పెడితే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. కెమెరా పెట్టకుండా ఖాళీ డబ్బాని ముందు తొట్టిలో ముంచండి.

ఎమ్మెస్సీ మేష్టారు:
అందరూ కెమెరా గురించే కొట్లాడతా ఉండారు, గాజు గురించి ఎవరూ మాట్లాడరే. నీటి వక్రీభవన గుణకం 1.33, అంటే చదును గాజు ముందర పెడితే అన్నీ మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి, లెన్సు వెడల్పు తగ్గిపోతుంది. నీ 10-18లో 10 ఎమ్ఎమ్ దగ్గర మూల నుంచి మూలకి 107 డిగ్రీలు వస్తుంది, చదును గాజు వెనక అది 74కి పడిపోతుంది. గోప్రో ముందర ఉండేదీ చదును గాజే, దాని వెడల్పూ అట్లాగే తగ్గుతుంది. గుండ్రటి డోమ్ పెడితే 107 నీకు 107 మిగులుతుంది.

అది ఎందుకు కావాలంటే, నీళ్ల కింద నుంచి పైకి చూస్తే ఆకాశమంతా 97 డిగ్రీల గుండ్రంలో ఇరుక్కోని కనిపిస్తుంది, ఆ గుండ్రం బయటంతా అద్దం. ఇంటర్లో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం ఇదే అబ్బాయ్, ఆ రోజు నిద్రపోయింటావు. మూడడుగుల లోతులో కూర్చుంటే పైన నీటి మీద ఆ గుండ్రం దాదాపు 7 అడుగులు ఉంటుంది. బావి గట్టు, కొబ్బరి చెట్టు, తొంగి చూసే తాత తల, అన్నీ ఆ 7 అడుగుల్లో. 10 ఎమ్ఎమ్‌లో డోమ్‌తో అడ్డంగా దాదాపు పడుతుంది, నిలువుగా దాదాపు సగం తెగుతుంది. పిల్లోడు ఆ గుండ్రాన్ని పగలగొట్టుకోని లోపలికి వస్తాడు చూడు, అదీ నీ షాటు.

డోమ్‌తో ఒక తిరకాసు. ఎనిమిదంగుళాల డోమ్ అయితే ఎంత దూరంలో ఉండేదైనా లెన్సుకి డోమ్ ముందర అడుగు దూరంలోపే ఉన్నట్టు అనిపిస్తుంది. గట్టు మీద నిలబడి ఫోకస్ లాక్ చేస్తే అంతా మసకే, నీళ్లలో దిగినాకనే చెయ్యాల. 10-18 దగ్గరగా ఫోకస్ అవుతుంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు, 18-135 ఇంట్లో పెట్టేయ్.

తిరుచానూరు లైటు:
మేష్టారూ దండం. ఇదే నేను చెప్పాలనుకున్నింది, లెక్క రాక ఆగినా.

కొర్లగుంట కెమెరా:
మేష్టారు చెప్పింది కాదనను. డోమ్ అంటే పెద్ద గాలి బుడ్డ, నీళ్లలో ముందర భాగం పైకి లేస్తానే ఉంటుంది, మణికట్టు విరుగుతుంది. అంతా కలిపి నాలుగైదు కేజీలు మోసుకోని దిగాల. నేను తీసిన మంచి షాట్లన్నీ వెదురు గడకి గోప్రో కట్టి దించినవే.

తిరుచానూరు లైటు:
డోమ్ పైకి లేస్తుందా, వాడికి కావాల్సింది పైకి చూసే షాటే కదన్నా, ఇంగా మంచిది. 😀

మదనపల్లె టమోటా:
కలర్ సంగతి. సముద్రానికి ఎర్ర ఫిల్టర్ అంటారు, నీళ్లు ముందు ఎరుపునే మింగుతాయి కాబట్టి, ఐదారు మీటర్లకే ఎరుపు దాదాపు ఉండదు. మన బావి నీళ్లు పాచితో పచ్చగా ఉంటాయి, వాటికి మెజెంటా ఫిల్టర్ వాడతారు, ఎర్రది పెడితే పిల్లోళ్లు బురదలో పొర్లినట్టు వస్తారు. నాలుగడుగుల లోతుకి ఏ ఫిల్టరూ అక్కర్లేదు, తెలుపు తెల్లగా వచ్చేటట్టు రంగులు సరిపెట్టే వైట్ బ్యాలెన్స్ చేసుకో. కెనాన్ ఎస్ఎల్ఆర్‌లో దానికి ముందు ఒక ఫొటో తీసి, మెనూలోకి పోయి ఆ ఫొటోని చూపించాల, నీళ్లలో ఆ తతంగం నరకం. తాత తెల్ల పంచె నీళ్లలో పట్టుకోమను, ఒకసారి చేసేసి ఇంక ముట్టుకోవద్దు.

ఎమ్మెస్సీ మేష్టారు:
ఎండ కూడా చూసుకో. మనది 13న్నర డిగ్రీల అక్షాంశం, సూర్యుడు నడినెత్తి మీదకి వచ్చేది ఏప్రిల్ ఆఖర్లో, మళ్లీ ఆగస్టు మధ్యలో. సంక్రాంతికి మధ్యాహ్నం పన్నెండున్నరకి కూడా దక్షిణానికి వాలి ఉంటాడు, పది అడుగుల గట్టు నీడ నీళ్ల మీద ఏడడుగులు పడుతుంది. ఉత్తరం గోడ వైపు దూకమను పిల్లోళ్లని. ఏప్రిల్ దాకా ఆగితే ఎండ దొరుకుతుంది, నీళ్లు దొరకవు, మన జిల్లా సంగతి తెలిసిందే కదా.

రిటైర్డ్ లైన్‌మన్:
మా అబ్బాయి ఫొటోగ్రాఫరు, వాడి కోసం ఈ గుంపులో చేరినాను, ఒకటే మాట చెప్తా బాబూ. ఆ బావిలో మోటారు ఉందా? ఉంటే స్టార్టర్ ఆపితే సరిపోదు. పాత కేబుల్ నీళ్లలో ఎక్కడ తొక్క లేచిపోయి ఉంటుందో ఎవరికీ తెలియదు, ఎవరో చూసుకోకుండా స్టార్టర్ వేస్తారు. మూడు ఫ్యూజులు పీకి నీ జేబులో పెట్టుకో. పైన ఒక పెద్ద మనిషి తాడు పట్టుకోని ఉండాల. తర్వాత ఏ కెమెరా అయినా దించుకోండి.

పాకాల బావి:
పెద్దాయనా, మోటారు ఉండాది, నాకు తట్టనే లేదు. పాదాభివందనం.

(సంక్రాంతి అయిపోయినాక)

పాకాల బావి:
అన్నలారా, రిపోర్టు. హౌసింగ్ కొనలా. చెన్నై నుంచి రెండు రోజులకి అద్దెకి తెచ్చినా, డోమ్‌తో సహా. ఫ్రెండు దగ్గర గోప్రో అడుక్కోని వెదురు గడకి కట్టినా, కొర్లగుంట అన్న మాట కూడా పోకూడదని. ఖాళీ డబ్బాని బర్రెల కుడితి తొట్టి కడిగి దాంట్లో ముంచితే మొదటిసారే బుడగలు, ఓ-రింగ్ తీసి చూస్తే ఇసక పలుకు ఒకటి. చంద్రగిరి అన్నకి ఒక లెన్సు బాకీ నేను. రెండోసారి అరగంట ముంచినా ఏం కాలా. లోపల తేమ పట్టి డోమ్ మసకేస్తుందేమోనని సిలికా జెల్ పొట్లాలు పెట్టి, ముందు రోజు రాత్రి తిరుపతిలో ఏసీ గదిలోనే కెమెరా ఎక్కించి మూత బిగించుకోని బండెక్కినా.

మెట్ల మీద మూడడుగుల లోతులో రాయి పట్టుకోని కూర్చున్నా. మేష్టారూ, ఆ గుండ్రం గురించి మీరు చెప్పినప్పుడు నమ్మలా. చుట్టూ నల్లగా బావి రాళ్లు తిరగబడి కనిపిస్తా ఉంటే మధ్యలో పళ్లెం అంత ఆకాశం, ఆ పళ్లెం అంచుకి మా తాత తల, చేతిలో బీడీ, పొగ కూడా కనిపిస్తా ఉంది. ఇంతలో చిన్నోడు దూకినాడు, పళ్లెం ముక్కలు ముక్కలైపోయి తెల్లటి బుడగల స్తంభం, దాంట్లో నుంచి రెండు పాదాలు. ఫోకస్ మాత్రం బుడగల వెనక పోయింది, డ్యూయల్ పిక్సెల్ కూడా బుడగల్ని మొహం అనుకునింది పాపం. తర్వాత మాన్యువల్‌లో ఫోకస్ లాక్ చేసి, ముందూ వెనకా ఎక్కువ స్పష్టంగా ఉండేటట్టు ఎపర్చర్ ఎఫ్8 పెట్టి 11 సార్లు దూకించినా, నాలుగు బాగా వచ్చినాయి. గోప్రో స్లోమోషన్‌లో దూకుడు బలే ఉంది కానీ నీడలో ముద్దపప్పే, లైటన్న చెప్పినట్టే. ఎడిటింగ్‌లో రెండూ కలిపినా.

కొర్లగుంట కెమెరా:
అంటే హౌసింగ్ కొనలేదు, గోప్రో స్లోమోషన్ బాగుంది. నేను చెప్పిందే కదా.

తిరుచానూరు లైటు:
అన్నా, తాత బీడీ పొగ ఏ కెమెరాలో కనిపించింది?

కొర్లగుంట కెమెరా:
అద్దె డబ్బాలో. అద్దె వేరు కొనడం వేరు. నేను మాట్లాడింది కొనడం గురించి.

బైరాగిపట్టెడ బాబు:
వీడియో పెట్టు బ్రో ముందు.

పాకాల బావి:
సాయంత్రం పెడతా. ముందు ఊరికి పోవాల, పొద్దున్నే తాత ఫోన్ చేసి తిట్టినాడు. నిన్నటి నుంచి కరెంటు వస్తా ఉందంట, మోటారు ఆడలేదంట, వేరుశనక్కి తడి లేదంట. లైన్‌మన్ పెద్దాయనా, మూడు ఫ్యూజులూ ఇంగా నా ప్యాంటు జేబులోనే ఉండాయి.